ఇంకా నాలుగు ఆవర్తాలు

మార్చి 1, 1981. ఆదివారం

రేణు గెలిచింది. కాగితాలు అంటుకుపోయాయి. అంతే.

మార్చి 2. సోమవారం

ఈ డైరీ జనవరిలో వసుమతక్క ఇచ్చింది. ఆమె పనిచేసే ఆసుపత్రికి మందుల కంపెనీ వాళ్లు పంపినవాటిలో ఒకటి. ఇన్నాళ్లూ ఇందులో పెరుగు, కొత్తిమీర, గోపీ చొక్కాలు లాండ్రీకి అని రాసుకోవడమే తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు ఇల్లంతా ఖాళీ. మా ఆయన గోపీ ఆఫీసుకీ, రేణు స్కూలుకీ వెళ్లారు. బయట మంచు సగం కరిగి రొచ్చుగా ఉంది. అంట్లు అలాగే వదిలేసి కూర్చున్నాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

శనివారం చర్చి హాల్లో పియానో పోటీ. గెలిచిన పిల్లలు మే నెలలో నిజమైన ఆర్కెస్ట్రాతో, డెబ్బైమంది వాద్యగాళ్ల ముందు కూర్చుని వాయిస్తారు. పద్దెనిమిదేళ్లు నిండకూడదు. పియానో టీచరు రైసా గారి దగ్గర నేర్చుకునేవాళ్లలో ఇద్దరు వెళ్లారు. మా రేణు, పద్నాలుగేళ్లది. వసుమతక్క కూతురు విద్య, పదిహేడేళ్లది. విద్యకి ఇదే ఆఖరి ఏడాది. ఇద్దరూ ఒకటే తయారు చేశారు, రష్యా స్వరకర్త షోస్తకోవిచ్ రెండో పియానో కాన్చెర్టో, ఆర్కెస్ట్రాతో కలిసి మూడు భాగాలుగా వాయించేది.

పోటీలో ఆర్కెస్ట్రా ఉండదు. ఆర్కెస్ట్రా వాయించాల్సిందంతా రెండో పియానో మీద రైసా గారు వాయిస్తుంది. పిల్లలకి కంఠస్థం. ఆవిడకి మాత్రం ఎదురుగా పుస్తకం ఉంటుంది, రెండు చేతులూ ఖాళీ ఉండవు. పక్కన నిలబడి పేజీలు తిప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను.

నాకు వాళ్ల నొటేషన్ చదవడం రాదు. అదంతా నాకు చీమల బారు. కానీ తాళం వచ్చు. పదకొండేళ్లు కాకినాడలో పాట నేర్చుకున్నాను. రెండేళ్ల క్రితం, రేణు పాఠం జరుగుతుంటే సోఫాలో కూర్చుని తొడ మీద తాళం వేస్తుండగా రైసా గారు చూసింది. మధ్యలో వాయించడం ఆపి, కాసేపయ్యాక హఠాత్తుగా అందుకుంది. నా చెయ్యి అక్కడే ఉంది. "యూ. కమ్ హియర్" అంది. అప్పటినుంచీ పేజీలు నావే. ఒక్కో కుడి పేజీ అడుగున, ఎన్ని ఆవర్తాలకి తిప్పాలో పెన్సిలుతో తెలుగు అంకెల్లో రాసుకున్నాను. అవి నాకు తప్ప ఎవరికీ అర్థం కావు.

మూడో భాగంలో ఒకచోట లెక్క ఏడుకి మారుతుంది. ఇక్కడి పిల్లలంతా అక్కడే తడబడతారు. మనకది మిశ్రచాపు. తకిట తకధిమి, ఏడు లెక్కలకి ఒక ఆవర్తం. రేణుకీ విద్యకీ ఇద్దరికీ నేనే మా వంటింటి బల్ల మీద కొట్టి నేర్పాను. వాళ్ల నొక్కులు వేరేచోట పడతాయని రైసా గారు సణుగుతుంది గానీ లెక్కకి మాత్రం అది ఆదుకుంది.

రేణు ముందు వాయించింది. ఎక్కడా తప్పు లేదు. తర్వాత విద్య. ఆ ఏడు లెక్కల చోటే రెండు కాగితాలు కలిసి తిరిగాయి. రైసా గారి చేతులు ముందుకు ఉరికి, ఆగి, వెతుక్కున్నాయి. విద్య ఆగిపోయింది. జడ్జీలు మంచివాళ్లే, మూడో భాగం మళ్లీ మొదలుపెట్టమన్నారు. విద్య తల అడ్డంగా ఊపి స్టేజీ దిగి వెళ్లిపోయింది.

రైసా గారు లేచి నిలబడి "నా తప్పు. నేను చోటు పోగొట్టుకున్నాను" అని జడ్జీలతో చెప్పింది.

హాల్లో హీటరు మండిపోతోంది. చెయ్యి చెమటపడితే కాగితాలు అంటుకోవా? నాకూ ఒక్క క్షణం తాళం తప్పింది. మనిషినే కదా.

మార్చి 5. గురువారం

వసుమతక్క ఫోన్ చేసింది. మేము మిషిగన్‌లో ఈ ట్రాయ్ ఊరికి వచ్చిన మొదటి చలికాలం నాకు కోటు తొడిగిన మనిషి. రేణు పుట్టినప్పుడు పథ్యం వండి పెట్టిన మనిషి. రేణు వేసుకునే కోటు విద్యది. రేణు నేర్చుకున్న పియానో కూడా విద్య వాళ్లు కొత్తది కొనుక్కున్నప్పుడు ఇచ్చిందే.

"ఆ రైసా గారి కళ్లు పోయాయి ప్రమోదా. పోయినేడు క్యాటరాక్ట్ ఆపరేషన్ అయింది కదా, ఒప్పుకోదు గానీ. పిల్లల ఫ్యూచర్‌తో ఆటలా? నువ్వు పక్కనే ఉన్నావు. ఆవిడకి కనపళ్లేదు కదూ?"

"ఏమో అక్కా. నేను పేజీ వైపే చూస్తున్నాను" అన్నాను.

ఇది అబద్ధం కాదు. పేజీ వైపే చూస్తున్నాను.

ఇక్కడి మన తెలుగువాళ్లలో ఆండాళ్, వాళ్ల అబ్బాయిని రైసా గారి దగ్గర మాన్పించేసిందట. ఇంకో ఇద్దరు కూడా అదే ఆలోచనలో ఉన్నారట.

మార్చి 6

పోటీ రోజు పార్కింగ్ లాట్‌లో వసుమతక్క నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. "ఊరుకో అక్కా, ఊరుకో" అన్నాను. వీపు నిమిరాను కూడా.

మార్చి 14. శనివారం

రేణుని పాఠానికి తీసుకెళ్లాను. రైసా గారి అపార్ట్‌మెంట్ ఓక్ పార్క్‌లో, మూడో అంతస్తు. రెండు పియానోలు పెట్టాక ఆ గదిలో మనుషులకి చోటు లేదు. లెనిన్‌గ్రాడ్ నుంచి రెండు సూట్‌కేసులతో వచ్చిన మనిషి, రెండూ స్వరాల పుస్తకాలే తెచ్చుకుంది. నేను అలవాటుగా ఆవిడ పక్కకి వెళ్లి నిలబడ్డాను.

"ఈ రోజు నేనే తిప్పుకుంటాను. నువ్వు టీ తాగు" అంది. కోపంగా అనలేదు. టీ తాగాను.

పాఠం మధ్యలో రేణుకి ఆ కాన్చెర్టో కథ చెప్పింది. ఇంతకుముందు చెప్పిందే, ఈసారి నాకే చెబుతున్నట్టు అనిపించింది. కొడుకు పందొమ్మిదో పుట్టినరోజుకి తండ్రి రాసిన కానుక అది. సంగీత కళాశాలలో చదివే కొడుకు, పరీక్ష పాసు కావాలి. అందుకని సరదాగా ఉంటుంది. మొదటి భాగం అంతా బొమ్మ సిపాయిలు నడిచినట్టు, డ్రమ్ముతో సహా. పియానో రెండు చేతులూ ఒకే పాట పాడతాయి, చిన్నపిల్లలు కూడా పట్టుకోగలిగిన పాట. మూడో భాగంలో, కొడుకు రోజూ బద్ధకించే వేళ్ల వ్యాయామాలనే తెచ్చి మధ్యలో ఇరికించాడు. "నాయనా, ఇప్పుడు కచేరీలో అందరి ముందూ సాధకం చెయ్యి" అని ఆటపట్టించడం. ఇది చెప్పి రైసా గారు పకపకా నవ్వింది.

"రెండో భాగం మరి?" అని రేణు అడిగింది.

"అదా? అది కొడుకు గదిలో లేడనుకుని రాశాడు" అంది రైసా గారు.

నాకు ఆ రెండో భాగం అంటే భయం. మొదట వయొలిన్ల పాట, చీకటిగా, గొంతు తగ్గించి. తర్వాత పియానో మూడేసి మూడేసి స్వరాలుగా మెల్లగా దిగుతుంది, తలుపు చప్పుడు కాకుండా లోపలికొచ్చినట్టు. రాసిన మనిషేమో ఎవరికో ఉత్తరంలో 'దీనికి కళగా చెప్పుకోదగ్గ విలువేమీ లేదు' అన్నాడట. ప్రేమ బయటపడితే సిగ్గుపడే తండ్రులు అక్కడా ఉన్నారన్నమాట.

ఒక తండ్రి కొడుక్కి అది ఇచ్చాడు. నేను నా కూతురికి ఏమిచ్చాను?

చాలు. వంకాయలు తరగాలి.

మార్చి 19

రేణు ఇప్పుడు పైకి లెక్కపెట్టడం మానేసింది. ఇదివరకు మూడో భాగం వస్తే చాలు, తకిట తకధిమి అని ఇల్లెగరగొట్టేది. ఇప్పుడు పెదవులు బిగించి వాయిస్తుంది. ఆ గెలిచిన కప్పు బట్టల అలమారలో పెట్టింది. "హాల్లో పెట్టవే, వచ్చినవాళ్లు చూస్తారు" అంటే "వై?" అంటుంది.

నిన్న గిన్నెలు తుడుస్తూ అడిగింది. "అమ్మా, నువ్వు ఎప్పుడైనా తాళం మిస్ అయ్యావా?"

"నేనా? పుట్టి బుద్ధెరిగాక లేదు. జ్వరంలో కూడా తప్పలేదు" అన్నాను, నా గొప్ప నేనే చెప్పుకుంటూ.

"ఓకే" అంది.

మార్చి 20

రెండో తారీఖున 'తాళం తప్పింది' అని రాశాను. కొట్టెయ్యాలి.

కొట్టెయ్యలేదు.

ఏప్రిల్ 5. ఆదివారం. ఉగాది

హైస్కూల్ కాఫెటీరియాలో అందరం కలిశాం. తొంభైమంది దాకా వచ్చారు. రామమోహన్ గారు మైకులో పంచాంగం చదివారు. "శ్రీ దుర్మతి నామ సంవత్సరం" అనగానే పులిహోర గరిటె నా చేతిలోంచి జారింది. గోపీ "ఏమైంది, చెయ్యి కాలిందా?" అన్నాడు. పులిహోర చల్లగా ఉంది.

విద్య మజ్జిగ వడ్డిస్తోంది. గ్లాసు అందిస్తుంటే చూశాను, గోళ్లు పెంచింది. ఎర్ర రంగు వేసుకుంది. పియానో వాయించే పిల్లలు వారం వారం గోళ్లు కత్తిరించుకుంటారు. ఐదో ఏటినుంచీ ఆ పిల్ల వేళ్ల చివర తెల్లటి అంచు నేను ఎరగను.

"ప్రాక్టీస్ చెయ్యట్లేదామ్మా?" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

"నో ఆంటీ. ఐ యామ్ డన్. కాలేజ్‌లో కెమిస్ట్రీ చాలా ఉంటుంది." నవ్వుతూనే అంది.

అవతల టేబుల్ దగ్గర ఆండాళ్, వసుమతక్క, ఇంకో నలుగురు రైసా గారి గురించే. "పాపం ముసలావిడ, కానీ రిటైర్ అవ్వాలి కదా." "మా వాడికి పోటీ రోజున అలా చేస్తే?" వసుమతక్క నన్ను చూసి "ప్రమోద ఎంత మంచిదో, ఒక్క మాట అనదు ఆవిణ్ణి" అంది.

అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను ఉగాది పచ్చడి ఇంకో రెండు చెంచాలు వేసుకుని తిన్నాను. నాలిక మీద ఏమీ తెలియలేదు.

ఏప్రిల్ 15. బుధవారం

పాఠానికి వెళ్లేసరికి రైసా గారు వంటగదిలో నిలబడి రేడియో వింటోంది. ఆ కొడుకు, పుట్టినరోజు కానుక అందుకున్న ఆ కొడుకే, ఇప్పుడు నలభై దాటిన కండక్టరు. పశ్చిమ జర్మనీకి ఆర్కెస్ట్రాతో కచేరీకొచ్చి, తన కొడుకుని వెంటబెట్టుకుని, ఇక దేశం తిరిగి వెళ్లనని చెప్పేశాడట. రైసా గారు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "పుట్టినరోజు పిల్లాడు పారిపోయాడు" అంది. తర్వాత రేణుని కూర్చోబెట్టి చెప్పింది, "మే పదో తారీఖు వాడి పుట్టినరోజు. నీ కచేరీ కూడా మే పది. మీ అమెరికా వాళ్లకి ఆ రోజు మదర్స్ డే. చూశావా?"

రేణు నన్ను చూసింది.

ఇంటికి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర రైసా గారు చెప్పింది. పదకొండుమంది పిల్లల్లో నలుగురు మానేశారు. సెప్టెంబర్‌కి కొత్తవాళ్లు ఎవరూ పేరు ఇవ్వలేదు. వేసవి అయ్యాక న్యూయార్క్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతానేమో అంది. "అక్కడ నన్ను ఎవరూ ఎరగరు. కళ్ల సంగతి ఎవరూ అడగరు."

నేను "అయ్యో" అన్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో.

ఏప్రిల్ 16. గురువారం

రాస్తాను. చేతులు కడుక్కుని వచ్చాను, ఫోన్ రిసీవర్ పక్కన పెట్టేశాను. రాస్తాను.

కాగితాలు అంటుకోలేదు.

విద్య రెండో భాగం వాయిస్తుంటే నా కళ్లలో నీళ్లొచ్చాయి. నిజంగా వచ్చాయి. పేజీ సరిగ్గా కనపడక తాళం మీదే ఆధారపడ్డాను. రేణు వాయించింది తప్పులు లేకుండా వాయించడం. ఇది వేరు. ఈ పిల్ల ఆ పాట ఎవరి కోసం రాశారో తెలిసినట్టు వాయిస్తోంది. జడ్జీల్లో ఒకాయన కలం కింద పెట్టేశాడు. అప్పుడే తెలిసిపోయింది, అయిపోయింది, మళ్లీ విద్యే. కోటు విద్యది, పియానో విద్యది, ఆర్కెస్ట్రా కూడా విద్యదే. మా రేణు ఎప్పుడూ విద్య వదిలేసినవి వేసుకునే పిల్లేనా అని కడుపు భగ్గుమంది. నీళ్లు ఇంకా చెంప మీద ఉండగానే మండింది.

రెండో భాగం ఆగకుండానే మూడోదిలోకి వెళ్లిపోతుంది. ఏడు లెక్కల చోటుకి వచ్చాం. ఆ పేజీకి నా అంకె పద్దెనిమిది. ఎప్పటిలాగే ముందుగా మూల పట్టుకున్నాను. పట్టుకోగానే వేళ్లకి తెలిసింది, రెండు కాగితాలు. మందం తెలుస్తుంది. బట్టల కొట్టులో చీర మడత వేళ్లతో చూసి ఒకటో రెండో చెప్పేదాన్ని, నాకు తెలియదా?

అప్పుడు పద్నాలుగో ఆవర్తం. ఇంకా నాలుగు ఆవర్తాలున్నాయి. వదిలి, మళ్లీ ఒకటే పట్టుకోవడానికి ఒక ఆవర్తం చాలు. రైసా గారు కంటి చివరనుంచి నా చేతిని చూసింది కూడా.

పదిహేను. వదల్లేదు. పదహారు. పదిహేడు. ఏమీ ఆలోచించలేదు అని రాయాలని ఉంది. ఆలోచించాను. 'అంటుకుపోయాయి అంటాను' అని ఆలోచించాను. పద్దెనిమిది. సరిగ్గా సమానికి, ఆవర్తం తొలి దెబ్బకి తిప్పాను. నా జీవితంలో అంత కచ్చితంగా ఏ పేజీ తిప్పలేదు.

ముందుగా అనుకుని చెయ్యలేదు. ఒట్టు. కానీ నాలుగు ఆవర్తాలసేపు అనుకున్నాను.

చీ.

ఏప్రిల్ 17. శుక్రవారం

రేణు స్కూల్లో ఉండగా ఒక్కదాన్నే ఓక్ పార్క్ డ్రైవ్ చేశాను. దారిలో రెండుసార్లు తప్పు ఎగ్జిట్ తీసుకున్నాను. రైసా గారు ఏప్రన్‌తో తలుపు తీసింది. కోటు కూడా విప్పకుండా చెప్పేశాను. నా ఇంగ్లీషు, ఆవిడ ఇంగ్లీషు, రెండూ అంతంతమాత్రమే. ఈ విషయానికి ఎక్కువ మాటలు అక్కర్లేకపోయింది.

"నాకు తెలుసు" అంది.

"తెలుసా?"

"నలభై ఏళ్లు. ఎంతమంది పక్కన నిలబడి తిప్పారో. పొరపాటున తిప్పే చెయ్యి వణుకుతుంది. నీ చెయ్యి వణకలేదు."

"మరి మీ తప్పని ఎందుకు చెప్పారు?"

నన్ను మరీ తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "హాల్లో నీ కూతురు ఉంది కదా. ఇంకేం చెప్పను?"

ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. కుర్చీ లాగి కూర్చోమంది, అంతే. నా ఏడుపు అయ్యాక అంది, "నా కళ్లు బాగున్నాయని నాకు ముందే తెలుసు. నాకెందుకు చెబుతావు? తెలియనివాళ్లకి చెప్పు."

ఏప్రిల్ 20

నాలుగు ఇళ్లకి ఫోన్ చేశాను. "పేజీ తప్పు తిప్పింది నేను, రైసా గారి కళ్లకి ఏమీ కాలేదు" అని. పొరపాటు అనలేదు. కావాలని కూడా అనలేదు. వాళ్లే పొరపాటు అనుకున్నారు, నేను అనుకోనిచ్చాను. ఆండాళ్ "అయ్యో, దానికేముంది ప్రమోద గారూ, మనుషులం కదా. ఎంత మంచి మనసండీ, మీరే ఒప్పుకున్నారు" అంది.

రిసీవర్ పెట్టి వెనక్కి తిరిగితే రేణు పాల గ్లాసుతో నిలబడి ఉంది.

"మిస్టేకా, అమ్మా?"

"ఊఁ" అన్నాను.

గ్లాసు సింక్‌లో పెట్టి పైకి వెళ్లిపోయింది. పాలు సగం అలాగే ఉన్నాయి.

ఏప్రిల్ 21

ఆండాళ్ వాళ్ల అబ్బాయి మళ్లీ పాఠానికి వెళ్తున్నాడు. గోపీకి కూడా చెప్పాను, ఫోన్లో చెప్పినంతే. "పేజీలు తిప్పడానికి ఇంత గొడవా? మా ప్లాంట్‌లో మూడు వందలమందిని లే-ఆఫ్ చేస్తున్నారు" అన్నాడు. అదీ నిజమే. కానీ మిగతా సగం గొంతులోనే ఉంది.

ఏప్రిల్ 25. శనివారం

వసుమతక్క ఇంటికి వెళ్లాను. అక్క భర్త యోగానంద్ గారు గోల్ఫ్‌కి వెళ్లారు. అక్క దోసెలు పోస్తోంది. విద్య కౌంటర్ దగ్గర కూర్చుని తింటోంది. అక్కని ఒక్కదాన్నే పక్కకి పిలుద్దామనుకున్నాను. విద్య ముందు చెప్పకపోతే మళ్లీ సగమే అవుతుందనిపించింది.

"అక్కా, ఆండాళ్ చెప్పే ఉంటుంది."

"చెప్పింది. పొరపాటుకి అంత బాధపడతావేంటే? కూర్చో, వేడిది వేస్తాను."

"పొరపాటు కాదు."

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. మొత్తం చెప్పాను. రెండు కాగితాలు. పద్నాలుగు. ఇంకా నాలుగున్నాయని. రేణు ఓడిపోతుందని. ఎక్కడా ఆగలేదు. దోసె మాడి పొగ వచ్చింది, ఎవరూ తియ్యలేదు.

అక్క అంది, "ఆ రోజు నిన్ను పట్టుకుని ఏడ్చాను కదే."

"ఊఁ."

"నా వీపు నిమిరావు."

"ఊఁ."

"నిన్ను తిట్టడానికి కూడా నాకు మాట రావట్లేదు. నువ్వు వెళ్లు ప్రమోదా. ఇవాళ వెళ్లిపో."

బూట్లు వేసుకుంటుంటే విద్య బయటికొచ్చింది. తలుపు దగ్గరకి వేసింది. నేను అన్నాను, "విద్యా, కచేరీ వాళ్లతో నేను మాట్లాడతాను. మే పదిన నువ్వు వాయించాలి. అది నీది."

"వద్దు ఆంటీ. జడ్జెస్ నన్ను మళ్లీ ప్లే చెయ్యమన్నారు. నేనే వెళ్లలేదు. అది నా తప్పు." గోళ్ల రంగు గీకుతూ నిలబడింది. "పేజీ మాత్రం మీది."

నేను బూటు తాడు ముడి వేసుకున్నాను.

"రేణూకి తెలుసా?"

"తెలీదమ్మా."

"అయితే కాన్సర్ట్ అయ్యేదాకా చెప్పకండి. ప్లీజ్. తెలిస్తే ప్లే చెయ్యలేదు. తర్వాత చెప్పండి. కానీ చెప్పండి."

నేను అన్యాయం చేసిన పిల్ల, నా కూతుర్ని నానుంచి కాపాడుతోంది.

మే 3

అక్క ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. పదహారేళ్లలో ఆదివారం ఆమె గొంతు వినకపోవడం ఇదే మొదలు.

రేణు రోజంతా రెండో భాగమే వాయిస్తోంది.

మే 11. సోమవారం

నిన్నటిది రాయాలి. ఈ రోజు వంట లేదు, ఏమీ లేదు, ఇదొక్కటే.

పొద్దున్నే రేణు మదర్స్ డే కార్డు ఇచ్చింది. లోపల 'లవ్, రేణు' తప్ప ఇంకేమీ లేదు. పోయినేడు పేజీ నిండా రాసింది.

కచేరీ మధ్యాహ్నం మూడింటికి. హాలు నిండింది. వసుమతక్క రాలేదు. విద్య వచ్చింది, ఒక్కతే, వెనక వరసలో కూర్చుంది. రైసా గారు మా పక్కన, మెడలో పూసలు వేసుకుని. స్టేజీ మీద రెండో పియానో లేదు, పుస్తకం లేదు, తిప్పడానికి పేజీ లేదు. నా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి భాగం బొమ్మ సిపాయిల్లా నడిచింది. జనం ముఖాల్లో నవ్వు. డ్రమ్ము మోగుతుంటే గోపీ కాలు కూడా ఆడించాడు. తర్వాత వయొలిన్లు గొంతు తగ్గించి మొదలుపెట్టాయి. రేణు పియానో ముందు తల వంచుకుని తన వంతు కోసం కూర్చుంది. వేళ్లు పెట్టగానే నా వెన్ను నిటారైంది. ఇది తప్పులు లేకుండా వాయించడం కాదు. విద్యని అనుకరించడం కాదు. మా ఇంట్లో తిని తిరిగే ఈ పిల్లకి ఇంత బరువు ఎక్కడినుంచి వచ్చింది అనుకున్నాను. ఒక్కో స్వరం మీదా వదలలేక వదులుతున్నట్టు వాయించింది. రైసా గారు కళ్లద్దాలు తీసేసి కళ్లు మూసుకుంది.

మూడో భాగం, ఏడు లెక్కల చోటు వచ్చేసరికి నా చెయ్యి తొడ మీద తాళం అందుకుంది. రేణు ఆగలేదు. ఆ వేళ్ల వ్యాయామాల దగ్గర జనం కిసుక్కుమన్నారు, ఆ తండ్రి వేసిన జోకు ఇరవై నాలుగేళ్ల తర్వాత మిషిగన్‌లో పేలింది. చివరికి అందరూ లేచి నిలబడ్డారు. వెనక్కి తిరిగి చూస్తే విద్య అందరికంటే ముందే లేచినట్టుంది, ఎర్ర గోళ్ల చేతులతో చప్పట్లు కొడుతోంది.

గోపీ రైసా గారిని దింపడానికి తన కారులో తీసుకెళ్లాడు. రేణూ నేనూ మా కారులో. పార్కింగ్ లాట్ ఖాళీ అయ్యేదాకా స్టార్ట్ చెయ్యలేదు. బయట మంచి ఎండ. విద్య పెట్టిన గడువు అయిపోయింది.

"రేణూ, నీకొకటి చెప్పాలి. ఆ రోజు పోటీలో..."

"ఐ నో, అమ్మా."

"ఎవరు చెప్పారు? విద్యా?"

"ఎవరూ చెప్పలే. నేను కర్టెన్ పక్కన నిల్చుని ఉన్నా. విద్య కోసం కౌంట్ చేస్తున్నా. తకిట తకధిమి. నువ్వు పేజీ పట్టుకున్నావ్. పట్టుకునేటప్పుడు నీ ఫేస్ చూశా. నీకు తెలిసింది టూ పేజెస్ అని. ఇంకా ఫోర్ ఉన్నాయ్." ఒళ్లోని పూలగుత్తి కాగితాన్ని మడతలు పెడుతోంది. "నువ్వే నేర్పావు కదా, తప్పదు అని."

అంటే ఆ కప్పు అలమారలో. ఆ 'ఓకే'. ఆ 'మిస్టేకా, అమ్మా?'. నేను ఎవరికీ చెప్పకుండా ఈ డైరీలో దాచుకుంటున్నదంతా నా కూతురు మొదటిరోజునుంచీ మోస్తూ, అన్నం తింటూ, స్కూలుకి వెళ్తూ, నా పక్కనే గిన్నెలు తుడుస్తూ ఉంది.

"తెలిసీ ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?"

రేణు మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"నువ్వు చెప్తావని వెయిట్ చేశా."

పది వారాలు. నేను నాలుగు ఆవర్తాలు పట్టుకుని వదలనిదాన్ని, అది పది వారాలు పట్టుకుని కూర్చుంది.

నేను ఏడవడం మొదలుపెట్టాను. రేణు ఏడవలేదు, నన్ను ముట్టుకోలేదు, 'ఇట్స్ ఓకే' అనలేదు. నేను ఆపేదాకా కూర్చుంది. తర్వాత వెనక సీటులోంచి తన బ్యాగు తీసి, అందులోంచి ఆ కప్పు బయటికి తీసింది. పొద్దున ఇంట్లోనే బ్యాగులో సర్దుకుని వచ్చిందన్నమాట.

"వసుమతీ ఆంటీ ఇంటికి డ్రైవ్ చెయ్యి" అంది.

"అక్క తలుపు తీస్తుందో లేదో."

"తెలీదు. పోదాం."

స్టార్ట్ చేశాను.